అమోనియా లీకైన రాత్రి: ఎమర్జెన్సీ అని ప్రకటించాల్సింది ఎవరు?

పోలీసు శాఖల అత్యవసర ప్రణాళికలను పరిశీలించడం, పెద్ద ఘటన జరిగాక లాగ్‌బుక్కులు, వైర్‌లెస్ రికార్డింగులు ముందేసుకుని ఏ నిర్ణయం ఎప్పుడు, ఎందుకు తీసుకున్నారో వెతకడం నా వృత్తి. ఈ కేసును ఎంచుకోవడానికి ఒకటే కారణం. ఇక్కడ సిబ్బందికి కొరత లేదు, వాహనాలకు కొరత లేదు, ప్రణాళిక కూడా ఉంది. అయినా మొదటి ముప్పావు గంట చేజారిపోయింది. ఎందుకు చేజారిందో తెలిస్తే చాలా శాఖలు తమ ఫైలును ఇంకోసారి తెరిచి చూసుకుంటాయని నా నమ్మకం.

ఊరు, సంస్థ, తేదీ, హోదాలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. నిర్ణయాలనూ వాటి వరుసనూ మాత్రం జరిగినట్టే ఉంచాను.

నేపథ్యం

అది మధ్యస్థాయి పట్టణం. శివార్లలో అమోనియాతో నడిచే ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. కట్టినప్పుడు చుట్టూ ఖాళీ స్థలమే. తర్వాత ఇళ్లు వచ్చాయి, ఒక వర్కర్ల హాస్టల్ వచ్చింది, కాస్త దూరంలో ఒక వృద్ధాశ్రమం వచ్చింది. అక్కడికి చేరడానికి రెండు దారులు: పట్టణం వైపు నుంచి ఇరుకు రోడ్డు, బైపాస్ మీదుగా చుట్టు తిరిగి వచ్చే వెడల్పాటి రోడ్డు.

శాఖ దగ్గర లావుపాటి అత్యవసర ప్రణాళిక ఉంది. ఏటా ఫోన్ నంబర్లు సరిచేసేవారు, ఏటా ఒక మాక్ డ్రిల్ జరిపేవారు. ఆ డ్రిల్ ముందే ప్రకటించిన రోజున, పగటిపూట జరిగేది. పై అధికారులు వచ్చాకే మొదలయ్యేది. అంటే ఏటా సాధన చేసింది ఎమర్జెన్సీలో రెండో గంటను. మొదటి అరగంటను ఎవరూ ఎప్పుడూ సాధన చేయలేదు. నైట్ షిఫ్టులో కంట్రోల్ రూంలో కూర్చునే వాళ్లలో ఎక్కువ మంది ఒక్క డ్రిల్‌లోనూ పాల్గొనలేదు.

ప్రణాళికలో ఒక వాక్యం ఉంది: పెద్ద ఎమర్జెన్సీ అని ప్రకటించే అధికారం శాఖాధిపతికి, లేదా ఆయన నియమించిన అధికారికి. ఇలా రాయడం వెనుక ఆలోచన తెలివితక్కువదేమీ కాదు. ఒకసారి ప్రకటిస్తే ఆసుపత్రులు మిగతా పనులు ఆపి మంచాలు ఖాళీ చేస్తాయి, రిజర్వు బలగాలు కదులుతాయి, రోడ్లు మూస్తారు, పక్క శాఖలు మనుషుల్ని పంపుతాయి. పొరపాటున ప్రకటిస్తే చాలామంది ఇబ్బంది పడతారు కాబట్టి అనుభవం ఉన్న మనిషి చేతిలో పెట్టారు. కాగితం మీద అది జాగ్రత్తే. ఆ అనుభవం ఉన్న మనిషి రాత్రి నిద్రలో ఉంటే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

అమోనియా గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత తీసుకున్న నిర్ణయాలు అర్థం కావు. దాని మరుగు స్థానం సుమారు మైనస్ 33 డిగ్రీల సెల్సియస్. అందుకే పీడనం కింద ద్రవంగా నిల్వ చేస్తారు. వాయువుగా అది గాలికన్నా తేలిక, కాబట్టి పైకి పోతుందని చాలామంది అనుకుంటారు. కానీ పీడనంలో ఉన్న ద్రవం పగులులోంచి చిమ్మినప్పుడు చల్లని సన్నటి తుంపరలతో తెల్లటి పొగమంచులా తయారై, నేలను అంటుకునే పాకుతుంది. తేమ ఎక్కడుంటే అక్కడికి చేరే గుణం దానిది. అందుకే ముందు కళ్లు, ముక్కు, గొంతు మండుతాయి. 300 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 300 వంతులు) దాటితే ప్రాణానికీ ఆరోగ్యానికీ తక్షణ ప్రమాదం అని లెక్క. వాసన మాత్రం అంతకంటే ఎంతో తక్కువ మోతాదులోనే తెలిసిపోతుంది. ఇది ప్రజలకు మేలే. కంట్రోల్ రూంకి మాత్రం చిక్కు, ఎందుకంటే ప్రమాదం లేనంత దూరంలో ఉన్నవాళ్లు కూడా కాల్ చేస్తారు.

ఎదురైన సమస్య

అర్ధరాత్రి దాటాక మొదటి కాల్స్ వచ్చాయి. ఒకరు గ్యాస్ సిలిండర్ లీకైందన్నారు. ఇంకొకరు కాలువలోంచి ఘాటు వాసన అన్నారు. మూడో కాల్ అగ్నిప్రమాదం, తెల్లటి పొగ కనిపిస్తోంది అని. మూడూ మూడు చోట్ల నుంచి. ఒకే ఘటన అని గుర్తించడానికే కొంత సమయం పట్టింది. రాసి ఉన్న వాటిని ఇప్పుడు చదువుతుంటే అన్నీ ఒకటేనని ఇట్టే తెలుస్తుంది. ఫోన్లు మోగుతుండగా అలా తెలియదు. సమీక్ష చేసేవాళ్లు ఈ తేడాను ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

కంట్రోల్ రూంలో ఆ రాత్రి ఒక డ్యూటీ ఆఫీసర్, ఇద్దరు కాల్ తీసుకునేవాళ్లు, ఒక వైర్‌లెస్ ఆపరేటర్ ఉన్నారు. ప్రణాళిక ప్రకారం డ్యూటీ ఆఫీసర్ చేయాల్సిన పనులు నేను తర్వాత ఒక కాగితం మీద వరుసగా రాసి చూశాను. పెట్రోలింగ్ వాహనాలను పంపాలి. ఫైర్ సర్వీసుకు, అంబులెన్సులకు, రెండు ఆసుపత్రులకు, విద్యుత్ శాఖకు చెప్పాలి. పై అధికారులకు వరుసగా ఫోన్ చేయాలి. గాలి దిశ కనుక్కోవాలి. మీడియా ఫోన్లకు జవాబివ్వాలి. ఇవన్నీ చేస్తూనే ప్రతిదీ టైమ్ వేసి లాగ్‌లో రాయాలి. ఇవి ఎవరికైనా ఒక్కరికి సాధ్యమయ్యే పనులు కావు.

2017 మే 22న మాంచెస్టర్ అరీనా పేలుడులో 22 మంది చనిపోయారు. ఆ ఘటనపై జరిగిన బహిరంగ విచారణ పోలీసు కంట్రోల్‌లోని డ్యూటీ ఆఫీసర్ మీద మోయలేనంత భారం పడిందని తేల్చింది. పోలీసు, ఫైర్, అంబులెన్స్ సర్వీసులు మూడూ ఒకే చోట కలుసుకోలేదు, మేజర్ ఇన్సిడెంట్ (మన మాటల్లో పెద్ద ఎమర్జెన్సీ) ప్రకటన పోలీసుల తరఫున సకాలంలో రాలేదు. అంతకుముందు జరిగిన మాక్ డ్రిల్స్‌లోనే ఆ ఒక్క మనిషి మీది భారం కనిపించింది. అయినా సరిచేయలేదు. వేరే దేశం, వేరే రకం విపత్తు, కానీ ఇరుసు విరిగిన చోటు ఒకటే.

మొదటి పెట్రోలింగ్ బృందంలో ఇద్దరున్నారు. పట్టణం వైపు ఇరుకు రోడ్డు దగ్గరి దారి కాబట్టి అటే వెళ్లారు. గాలి సరిగ్గా అటే వీస్తోంది. తెల్లగా కనిపించినదాన్ని పొగ అనుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ పడి ఉన్నాడని ఎవరో అరిచారు. ఇద్దరూ లోపలికి పరిగెత్తారు. వాచ్‌మన్‌ను బయటికి లాగారు కూడా. కానీ ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. వైర్‌లెస్ సెట్‌లో వినిపించింది రెండే మాటలు: "ఊపిరి ఆడట్లేదు." ఎక్కడున్నారో చెప్పలేకపోయారు.

ఆ రెండు మాటలతో పరిస్థితి మొత్తం మారిపోయింది. తోటివాడు ఆపదలో ఉన్నాడని విన్న పోలీసు ఆగడు. ఆగమని ముందే నేర్పి ఉంటే తప్ప. ఊరి నలుమూలల నుంచి వాహనాలు అటే కదిలాయి. వాట్సాప్ గ్రూపులో సమాచారం పడింది. డ్యూటీలో లేనివాళ్లు కూడా ఇళ్లలోంచి బయల్దేరారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ రావద్దని కూడా అనలేదు. ఇరుకు రోడ్డు మీద వాహనాలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. అలవాటు కొద్దీ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని దిగారు. వెనుక వచ్చిన అంబులెన్సుకు దారి లేదు.

2012లో అమెరికాలోని ఆరోరా థియేటర్ కాల్పుల రాత్రి కూడా పోలీసు వాహనాలు, జనం అడ్డుగా ఉండి అంబులెన్సులు గాయపడినవాళ్ల దగ్గరికి చేరలేకపోయాయి. అక్కడ పోలీసులే చాలామందిని తమ కార్లలో ఆసుపత్రికి తీసుకెళ్లి ప్రాణాలు నిలిపారు. ఇక్కడ ఆ అవకాశం కూడా లేకపోయింది, ముందున్న వాహనాలు వెనక్కి కదలాలంటే వెనకున్నవాటి తాళాలు కావాలి.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

డ్యూటీ ఆఫీసర్ ప్రణాళికలో రాసినట్టే చేశారు. శాఖాధిపతికి ఫోన్ చేశారు, ఎత్తలేదు. రెండో అధికారి ప్రయాణంలో ఉన్నారు, సిగ్నల్ లేదు. మూడో అధికారి ఎత్తి, "ముందు కన్ఫర్మ్ చేసుకుని చెప్పు, అప్పుడు చూద్దాం" అన్నారు. కన్ఫర్మ్ చేయాలంటే ఘటనాస్థలంలో మాట్లాడగలిగే మనిషి ఉండాలి. అక్కడున్నవాళ్లు మాట్లాడే స్థితిలో లేరు. ఇంకొకరిని పంపాలంటే ఎటు నుంచి పంపాలో తెలియాలి. అది చెప్పగలిగేదీ అక్కడున్నవాళ్లే. ఈ చుట్టులో చాలా నిమిషాలు పోయాయి. ఆ మూడో అధికారిని తప్పుపట్టడం తేలిక. కానీ ఆయనకున్న సమాచారంతో, ఆయన చదివిన ప్రణాళికతో, చాలామంది అదే జవాబిచ్చేవారు.

వైర్‌లెస్‌లో అందరూ ఒకే ఛానల్ మీద ఉన్నారు. ఊరి మరో మూల జరిగిన చిన్న రోడ్డు ప్రమాదం గురించి కూడా అదే ఛానల్‌లో మాట్లాడుతున్నారు. రికార్డింగ్ వింటే, పడిపోయిన ఇద్దరిలో ఒకరు రెండోసారి మాట్లాడటానికి చేసిన ప్రయత్నం మీద ఇంకెవరిదో గొంతు వచ్చి పడింది. అది వినడం కష్టంగా ఉంటుంది. ఆ శాఖలో శిక్షణ ఇచ్చేటప్పుడు ఆ ముక్కను తప్పకుండా వినిపించమని చెప్పాను.

ఇక ప్రజల సంగతి. మైకున్న ఒక వాహనంలో సిబ్బంది గాలి వీచే వైపు వీధుల్లో తిరుగుతూ "ఇళ్లు ఖాళీ చేసి బయటికి రండి" అని ప్రకటించారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. ప్రమాదం దగ్గర్నుంచి మనుషుల్ని దూరం జరపాలనేది ప్రతి పోలీసుకూ సహజంగా తట్టే ఆలోచన. కానీ ఇక్కడ ప్రమాదం వీధిలో ఉంది, ఇంట్లో కాదు. జనం పిల్లల్ని ఎత్తుకుని ఆ తెల్లటి మేఘంలోకే వచ్చారు. కొందరు బండ్లు తీసి అదే ఇరుకు రోడ్డు వైపు వెళ్లారు.

విషవాయువు లీకైనప్పుడు ఖాళీ చేయించాలా, లోపలే ఉంచాలా అన్న నిర్ణయానికి మూడు ప్రశ్నలు అడుగుతాను. మేఘం అక్కడికి చేరకముందే అందరినీ తరలించే సమయం ఉందా? లీక్ కొద్దిసేపట్లో ఆగేదా, గంటల తరబడి సాగేదా? మంటలో పేలుడో వచ్చే అవకాశం ఎంత? మేఘం అప్పటికే వీధిలో ఉండి, లీక్ కొద్దిసేపట్లో ఆగే అవకాశం ఉంటే, తలుపులు మూసిన ఇల్లే మంచి రక్షణ. 2002 జనవరి 18న అమెరికాలోని నార్త్ డకోటాలో, మైనాట్ పట్టణం దగ్గర రైలు పట్టాలు తప్పింది. ఐదు ట్యాంకర్లు పగిలి అమోనియా మేఘం కమ్మింది. అప్పుడు ప్రజల్ని ఇళ్లలోనే ఉండమన్నారు. అంత పెద్ద లీకైనా చనిపోయింది ఒక్కరే.

అలాగని "లోపలే ఉండండి" అన్న మాటను మంత్రంలా పట్టుకోకూడదు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలంటుకున్నాయని రాత్రి 12:54కు కాల్ వచ్చింది. ఫ్లాట్లలోనే ఉండమన్న సలహాను 2:47కు గానీ వెనక్కి తీసుకోలేదు. 72 మంది చనిపోయారు. సలహా ఇచ్చినవాళ్లు దాన్ని ఎప్పుడు మళ్లీ పరిశీలించాలో అప్పుడే నిర్ణయించుకోవాలి. ఈ కేసులో రెండో దశలో ఆ పని సరిగ్గా జరిగింది.

పరిస్థితి ఎక్కడ తిరిగింది

ట్రాఫిక్ విభాగానికి చెందిన ఒక అధికారిణి బైపాస్ వైపు నుంచి వస్తున్నారు. ఆ రాత్రి అక్కడికి చేరినవాళ్లలో ఆమె సీనియర్ కాదు. గేటు దాకా వెళ్లే వీలున్నా వెళ్లలేదు. గాలి తన వీపు వైపు నుంచి వీస్తోందని ఒక జెండా చూసి నిర్ధారించుకున్నారు. కూడలిలో జీపును రోడ్డుకు అడ్డంగా నిలిపి సెట్‌లో ఇలా చెప్పారు: "నేను బైపాస్ కూడలిలో ఉన్నాను. నా పై అధికారి వచ్చి తీసుకునే వరకు ఇక్కడ కమాండ్ నాది. ఈ కూడలి దాటి ఎవరూ లోపలికి వెళ్లొద్దు. వచ్చే వాహనాలన్నీ పక్కనున్న మైదానంలో ఆగాలి, తాళాలు బండికే ఉంచాలి."

తర్వాత నేను ఆమెతో చాలాసేపు మాట్లాడాను. లోపల ఇద్దరు సహోద్యోగులు పడి ఉన్నారని తెలిసీ ఎలా ఆగగలిగారని అడిగాను. ఆమె చెప్పింది ఇది: "నేను లోపలికి వెళ్తే మూడో మనిషినవుతాను. ఆక్సిజన్ మాస్కులున్న ఫైర్ వాళ్లు నా వెనకే వస్తున్నారు. వాళ్లు సరైన దారిలో, సరైన చోటికి చేరేలా చూడటమే ఆ ఇద్దరికీ నేను చేయగలిగిన సాయం అనుకున్నాను." ఇందులో ధైర్యం తక్కువ కాలేదు. గేటు దగ్గరికి పరిగెత్తడానికి ఎంత ధైర్యం కావాలో కూడలిలో నిలబడటానికీ అంతే కావాలి. శాఖలు మొదటిదానికి పతకాలిస్తాయి. రెండోదాన్ని గుర్తించడం కూడా నేర్చుకోవాలి.

తర్వాత ఆమె కంట్రోల్‌కి ఒక నివేదిక ఇచ్చారు. బ్రిటన్‌లో పోలీసు, ఫైర్, అంబులెన్స్ సర్వీసులు మూడూ వాడే ఏడు అంశాల పద్ధతి ఉంది: మేజర్ ఇన్సిడెంట్ ప్రకటించారా, కచ్చితంగా ఎక్కడ, ఏ రకం ఘటన, ఏ ప్రమాదాలున్నాయి, ఎటు నుంచి రావాలి, బాధితులు ఎంతమంది, ఏ సర్వీసులు ఉన్నాయి ఇంకా ఏవి కావాలి. ఒక పాత శిక్షణలో నేర్చుకున్న ఆ వరుస ఆమెకు గుర్తుంది. మొదటి అంశం దగ్గర ఆమె ఆగలేదు. "ఇది పెద్ద ఎమర్జెన్సీ, ప్రకటిస్తున్నాను" అన్నారు. ప్రణాళిక ప్రకారం ఆమెకు ఆ అధికారం లేదు. డ్యూటీ ఆఫీసర్ ఒక్క క్షణం ఆగి, టైమ్ వేసి లాగ్‌లో రాసుకుని, ఆసుపత్రులకు ఆ మాటతోనే ఫోన్ చేశారు. తెల్లవారాక శాఖాధిపతి వచ్చి చేసిన మొదటి పని, ఆ ప్రకటనను అదే సమయం వేసి తన సంతకంతో ఆమోదించడం. ఆ సంతకం లేకపోతే తర్వాత వచ్చిన ఏ సంస్కరణా నిలబడేది కాదని నా అభిప్రాయం.

కమాండ్ విషయంలో ఆమె చేసింది కొత్త సంగతి కాదు. 1970లో కాలిఫోర్నియా అడవుల మంటల్లో ఎన్నో సంస్థలు ఎవరికి వారే పనిచేసి నష్టం పెంచుకున్న అనుభవం నుంచి ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ పుట్టింది. అందులో మూల సూత్రం, మొదట చేరిన సమర్థుడు కమాండ్ తీసుకుంటాడు, పెద్దవాడు వస్తే మాటతో స్పష్టంగా అప్పగిస్తాడు. ఒక మనిషి కింద నేరుగా ముగ్గురి నుంచి ఏడుగురి దాకానే ఉండాలని, ఐదుగురైతే మేలని అంటారు. లండన్ పోలీసులు కూడా 1985లో బ్రాడ్‌వాటర్ ఫార్మ్ అల్లర్ల తర్వాత హోదాను పక్కనపెట్టి పాత్రను బట్టి కమాండ్ నడిపే గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ విధానం తెచ్చారు. పోలీసు సంస్కృతిలో ఇది మింగుడుపడటం కష్టం. ఈ కేసులోనూ ఒక సీనియర్ వచ్చి, అప్పగింత జరగకముందే ఆదేశాలివ్వడం మొదలుపెట్టారు. ఆమె మర్యాదగానే, "సర్, ముందు ఐదు నిమిషాలు బ్రీఫింగ్ తీసుకోండి, తర్వాత కమాండ్ మీదని సెట్‌లో చెబుతాను" అన్నారు. ఆయన విన్నారు.

అదే సమయంలో కంట్రోల్ రూంలో ఇంకో మార్పు వచ్చింది. షిఫ్ట్ అయిపోయి ఇంటికి బయల్దేరబోతున్న ఒక గుమాస్తా కూర్చుని, ఫోన్లన్నీ తన దగ్గరికి మళ్లించుకున్నారు. డ్యూటీ ఆఫీసర్‌కు వైర్‌లెస్, నిర్ణయాలు మాత్రమే మిగిలాయి. ఘటనకు వేరే ఛానల్ ఇచ్చి, ఊళ్లోని మిగతా పనుల్ని పాత ఛానల్‌లోనే ఉంచారు. ఆ తర్వాతి లాగ్ చేతిరాత చూస్తేనే తేడా తెలుస్తుంది.

తర్వాతి నిర్ణయాలు

ఇరుకు రోడ్డులో చిక్కుకున్న వాహనాలను తీయించాలా? ఆమె వద్దన్నారు. తాళాలు వెతకడానికి మనుషుల్ని మళ్లీ మేఘం వైపు పంపాలి. దాని బదులు బైపాస్ రోడ్డును అంబులెన్సులు రావడానికి, పొలాల వెంట ఉన్న ఇంకో దారిని వెళ్లడానికి కేటాయించి, రెండింటినీ ఒకవైపు దారులు చేశారు. ఏ వాహనమూ వెనక్కి తిరగాల్సిన పని లేకుండా చేయడమే ఉద్దేశం. ట్రాఫిక్ విభాగం మనిషి కాబట్టి ఆ ఆలోచన తొందరగా తట్టింది.

ఫైర్ సిబ్బంది శ్వాస పరికరాలతో వెళ్లి వాచ్‌మన్‌ను, ఇద్దరు పోలీసులను తెచ్చారు. నీటి తుంపరతో మేఘాన్ని అణిచారు. నేల మీద మడుగు కట్టిన ద్రవ అమోనియా మీద మాత్రం నీళ్లు పడకుండా చూశారు, పడితే అది ఇంకా వేగంగా ఆవిరవుతుంది.

ప్రజలకు ఇచ్చే సూచన మార్చాలి. ఇది చాలా సున్నితమైన పని. ఇంతకుముందు బయటికి రమ్మన్నవాళ్లే ఇప్పుడు లోపలికి పొమ్మంటే ఎవరు నమ్ముతారు? రెండు ప్రకటనలూ కలిసిపోయి గందరగోళం అవుతుందని ఒకరు అభ్యంతరం చెప్పారు. చివరికి ఆ మార్పును దాచకుండా చెప్పాలని నిర్ణయించారు: "ఇంతకుముందు బయటికి రమ్మన్నాం. ఇప్పుడు సమాచారం మారింది. ఇది అమోనియా, గాలిలో ఉంది. ఇళ్లలోకి వెళ్లండి. కిటికీలు మూయండి, ఏసీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపండి, వీలైతే పై అంతస్తులోకి వెళ్లండి, ముక్కుకు తడిగుడ్డ పెట్టుకోండి. అరగంటలో మళ్లీ చెబుతాం." అప్పటికే వీధిలో ఉన్నవాళ్లను గాలి వెంట కాకుండా, గాలికి అడ్డంగా పక్క వీధుల్లోకి నడిపించారు. అరగంటకు నిజంగానే మళ్లీ చెప్పారు, కొత్త సంగతి ఏమీ లేకపోయినా. జనం నమ్మకం నిలబడింది ఆ రెండో ప్రకటన వల్లే అని ఆ వీధులవాళ్లతో మాట్లాడినప్పుడు నాకనిపించింది. లీక్ ఆగాక కిటికీలు తెరవమని చెప్పడం కూడా మర్చిపోలేదు. మేఘం పోయాక లోపల చిక్కుకున్న గాలి బయటికి పోవాలి కదా. చాలా ప్రణాళికల్లో ఈ చివరి సూచన ఉండదు.

వృద్ధాశ్రమం విషయంలో పెద్ద వాదనే జరిగింది. అక్కడ నడవలేనివాళ్లు ఎక్కువ. బస్సులు తెప్పిద్దామన్నారు. కానీ ఒక్కొక్కరినీ బస్సెక్కించే సేపు తలుపులు తెరిచే ఉండాలి. లోపలే ఉంచి, ఒక కానిస్టేబుల్‌ను ఆ ఆశ్రమం సిబ్బందితో ఫోన్‌లో కూర్చోబెట్టారు. లోపల వాసన పెరిగితే తరలింపు మొదలుపెట్టాలని ముందే అనుకుని, బస్సులను మైదానంలో సిద్ధంగా ఉంచారు. వాడాల్సిన అవసరం రాలేదు.

అనుకోని అడ్డంకి ఒకటి వచ్చింది. లీకైన వాల్వ్ ఎక్కడుందో తెలిసిన ప్లాంట్ టెక్నీషియన్ సొంత బండి మీద వచ్చారు. కార్డన్‌లో, అంటే ఎవరూ లోపలికి వెళ్లకుండా వేసిన కాపలా వలయంలో, ఉన్న పోలీసు ఆయన్ని వెనక్కి పంపేశారు, ఎవరినీ వదలొద్దని ఆదేశం కదా. ఆయన ఇంకో దారి నుంచి ప్రయత్నించి, చివరికి ఒక ఫైర్ అధికారి గుర్తుపట్టడంతో లోపలికి వచ్చారు. ఆదేశం పాటించిన కానిస్టేబుల్ తప్పు ఏమీ లేదు. ఎవరిని ఆపాలో మాత్రమే చెప్పి ఎవరిని వదలాలో చెప్పకపోతే, కార్డన్ సాయాన్ని కూడా ఆపేస్తుంది.

తెల్లవారేలోపు వాల్వ్ మూసేశారు. ప్రాణనష్టం జరగలేదు. ఇద్దరు పోలీసుల్లో ఒకరు త్వరగా కోలుకున్నారు, ఇంకొకరికి ఊపిరితిత్తుల చికిత్స చాలాకాలం సాగింది. ఈ ఫలితాన్ని శాఖ ఘనతగా లెక్కేయొద్దని నా నివేదికలో స్పష్టంగా రాశాను. గాలి దిశ మారలేదు, పగిలింది ప్రధాన ట్యాంకు కాదు, ఒక పైపు. ఇందులో అదృష్టం వాటా పెద్దది.

నేర్చుకున్నవి, మార్చుకున్నవి

అన్నిటికన్నా ముందు మార్చింది ప్రకటించే అధికారం. ఇప్పుడు డ్యూటీ ఆఫీసర్, లేదా ఘటనాస్థలంలో కమాండ్ తీసుకున్న ఎవరైనా, హోదాతో పని లేకుండా ప్రకటించవచ్చు. పై అధికారి దాన్ని రద్దు చేయవచ్చు, కానీ ఆలస్యం చేయకూడదు. దీనికి వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. ప్రతి చిన్నదానికీ ప్రకటిస్తారని, ఆసుపత్రులు మనల్ని లెక్కచేయడం మానేస్తాయని అన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేదు. అందుకే ఏ పరిస్థితుల్లో ప్రకటించాలో నాలుగు సూచికలు పెట్టాం: మొదట వెళ్లిన బృందం నుంచి జవాబు లేకపోవడం, ప్రమాదకర పదార్థం జనావాసాల్లోకి రావడం, బాధితుల సంఖ్య అందుబాటులో ఉన్న అంబులెన్సుల సామర్థ్యాన్ని మించడం, ఒకే ఘటనపై వేర్వేరు చోట్ల నుంచి కాల్స్ వెల్లువెత్తడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్రకటించినవాళ్లను తర్వాత సంజాయిషీ అడగరు. ఈ చివరి వాక్యాన్ని ప్రణాళికలో రాయించడానికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

కంట్రోల్ రూంలో ప్రకటన వచ్చిన వెంటనే రెండో అధికారిని కూర్చోబెట్టడం తప్పనిసరి చేశారు. ఒకరు ఫోన్లు, ఒకరు వైర్‌లెస్. మొదట చేరే బృందానికి ఒక చిన్న కార్డు ఇచ్చారు: ఆగు, గాలి చూడు, చెప్పు, దారి కాపాడు, తర్వాతే సాయం. సైకిల్ తొక్కడం ఎలాగో పుస్తకం చదివితే రానట్టే, ఈ కార్డు జేబులో ఉన్నంత మాత్రాన పని జరగదు. అందుకే డ్రిల్స్ రాత్రిపూట, చెప్పకుండా, షిఫ్టులో ఉన్నవాళ్లతోనే మొదలవుతున్నాయి. పై అధికారులకు మొదటి అరగంట ఫోన్ కూడా వెళ్లదు. ఆ తర్వాత వచ్చినా వాళ్లు చూస్తారు, మాట్లాడరు.

ప్రమాదకర పరిశ్రమ ప్రతిదానికీ రెండు వ్యతిరేక దిక్కుల్లో రెండు మైదానాలు ముందే ఎంచారు. గాలిని బట్టి ఏదో ఒకటి ఖరారు చేసి, మూడు సర్వీసులకూ ఒకే పేరుతో చెబుతారు. పిలవకుండా ఎవరూ ఘటనాస్థలానికి వెళ్లకూడదు, మైదానానికే రావాలి. ఎవరిని లోపలికి పంపాలో తెలిపే పట్టిక, పరిశ్రమల టెక్నీషియన్ల జాబితాతో సహా, కార్డన్ దగ్గర ఉంటుంది.

కొంతకాలానికి హైవే మీద ఒక ట్యాంకర్ బోల్తాపడింది. నైట్ డ్యూటీ ఆఫీసర్ ఎవరికీ ఫోన్ చేయకుండా ప్రకటించారు. తర్వాత చూస్తే ట్యాంకర్ ఖాళీది. మర్నాడు ఆ డ్యూటీ ఆఫీసర్‌ను ఎవరూ సంజాయిషీ అడగలేదు. ఆ ప్రకటన ఏ సూచిక మీద ఆధారపడిందో మాత్రం నమోదు చేసుకున్నారు.

ఇంకా తేలని విషయం ఒకటుంది. వర్కర్ల హాస్టల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ రాత్రి మైకులో చెప్పిన భాష రాదు. వాళ్లు చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తే అది చేశారు. ఇప్పుడు వాళ్ల భాషల్లో ప్రకటనలు ముందే రికార్డు చేసి పెట్టారు గానీ, హాస్టల్లో ఉండేవాళ్లు కొన్ని నెలలకోసారి మారిపోతుంటారు. ఎవరి భాష ఏమిటో తాజాగా ఉంచే బాధ్యత పోలీసులదా, పరిశ్రమదా అన్నది ఇంకా ఇద్దరి మధ్య చర్చలోనే ఉంది. తర్వాతి రాత్రి డ్రిల్ ఆ హాస్టల్ నుంచే మొదలుపెట్టమని రాశాను.